తమ్ముడి కాలి మీద నా వేలిముద్ర

నా కుడి బొటనవేలు ఇప్పుడు పాలిష్ పట్టిన రాయిలా ఉంటుంది. గీత లేదు, మచ్చ లేదు. పది వేళ్ళూ అంతే. చూసినవాళ్ళు ఎంత నున్నగా ఉన్నాయో అంటారు. ఆ మాట అన్నవాళ్ళను ఒక్కటి కొట్టాలనిపిస్తుంది. కొట్టినా నా చేతికి ఏమీ తెలియదు.

ఈ చేతులను ఎవరు తిన్నారో చెబుతాను.

గాజువాక ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్ల వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. అక్కడ నల్లగుడ్డతో పెట్టుడు కాళ్ళు చేసేవారు. నల్లగుడ్డంటే కార్బన్ నారతో నేసిన గుడ్డ. దాన్ని అచ్చులో పరిచి, రెజిన్ జిగురు పూసి, పైన ప్లాస్టిక్ సంచి తొడిగి లోపలి గాలి లాగేసి, పొయ్యిగదిలో పెడతారు. బయటికి తీస్తే ఇనుము కన్నా గట్టిగా, ఎండిన ఆనపకాయ బుర్ర కన్నా తేలికగా ఒక కాలు వస్తుంది. కష్టమంతా అచ్చు దగ్గరే. ఒక్కో మనిషి కాలు ఒక్కో చోట తెగుతుంది. ఒక్కో మోడుకు ఒక్కో అచ్చు కావాలి. అల్యూమినియం దిమ్మను మెషీన్ మీద చెక్కి అచ్చు చేయిస్తే దానికయ్యే డబ్బుతో ఇల్లు కట్టుకోవచ్చు. అందుకని ఆ కాళ్ళు పరుగు పందేల్లో దిగేవాళ్ళకు, డబ్బున్నవాళ్ళకు మాత్రమే ఉండేవి. పాత ఓడలు కోసే యార్డులో ఇనుప పలక మీదపడి కాలు పోగొట్టుకున్న మా తమ్ముడు సూరప్పడికి చంకకర్ర ఉండేది.

ఆ షెడ్డులో ప్రయోగాలు చేసే డాక్టర్ శ్రీకంఠం ఆ అచ్చును చవక చేశాడు. మంచివాడే. ఈ కథలో నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఆయన మంచితనమే.

నన్ను మొదట పిలిచింది తొట్టెలు కడగడానికి. మా ఆయన ఫౌండ్రీలో ఇసక అచ్చులు పోసేవాడు. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆయన పక్కన కూర్చుని నేనూ చెయ్యి కలిపేదాన్ని కనుక అచ్చుల దగ్గర ఏది తాకాలో, ఏది తాకకూడదో నాకు తెలుసని పెట్టుకున్నారు. ఒకరోజు శ్రీకంఠం చేతులకు తొడుగులు వేసుకుని తొట్టెలో బూడిదరంగు ముద్దను పిసుకుతున్నాడు. అది చోడి అంబలిలా జారిపోతోంది. వెచ్చబెట్టాడు. ఉప్పునీళ్ళు చిలకరించాడు. చెమటలో ఏమేం ఉంటాయో అవన్నీ కలిపి సీసాలో తెచ్చి పోశాడు. అది జారుతూనే ఉంది. కొంత నేల మీద ఒలికింది. ఎత్తుదామని వట్టి చెయ్యి వేశాను.

నా అరచేతి కింద అది ఊపిరి పీల్చినట్టు ఒకసారి కదిలి బిగుసుకుంది. చెయ్యి తీసేసరికి రాయి. ఆ రాయిలో నా అరచేతి గీతలన్నీ ఉన్నాయి. చిన్నప్పుడు ముల్లు దిగిన మచ్చ కూడా ఉంది.

శ్రీకంఠం దాన్ని వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. ఆయన కళ్ళు తడిశాయి. ముద్దలో తాను పెంచిన కంటికి కనిపించని జీవం ఉందని, దానికి బతికున్న చర్మం తగిలితే తప్ప గట్టిపడదని ఆయనకు ఆ నిమిషంలోనే అర్థమైంది. "రత్నమ్మా, మళ్ళీ ఒకసారి చెయ్యి పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ రెండోసారి పెట్టకుండా ఉండాల్సింది.

దానికి మేం మెత్తరాయి అని పేరు పెట్టుకున్నాం. పొయ్యిగది వేడికి పగలదు, నల్లగుడ్డకు అంటుకోదు. పనైపోయాక చింతపండు పులుసులో రాత్రంతా నానబెడితే మళ్ళీ ముద్దవుతుంది. ఒక్క తొట్టెడు ముద్దతో ఎన్ని వందల అచ్చులైనా చేయొచ్చు. దానికి కావలసిందల్లా వట్టి చేతులతో నొక్కేవాళ్ళు. నాతో కలిపి ఆరుగురు ఆడవాళ్ళం చేరాం. కాంట్రాక్టరు నోటిమాటతో తీసుకొచ్చాడు. కాగితం, సంతకం, వేలిముద్ర ఏమీ లేవు.

మొదటి కాలు సూరప్పడికే చేశాం. వాడి మోడుకు తగ్గట్టు చెక్కిన నమూనా చుట్టూ ముద్ద పరిచి రెండు అరచేతులతో నొక్కాను. పూర్తిగా గట్టిపడే ముందు నమూనా తీసి, అచ్చు లోపలి వైపు, మోకాలి కింద పట్టీ దాగే చోట, నా కుడి బొటనవేలు ఒత్తాను. అది మా ఆయన అలవాటు. ప్రతి అచ్చులోనూ ఒక మూల ఆయన వేలు ఉండేది. ముక్క చెడితే ఎవరిని తిట్టాలో తెలియాలి కదా అనేవాడు. నన్ను చూసి మిగిలిన ఐదుగురూ అలాగే చేయడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి షెడ్డులోంచి పోయే ప్రతి కాలు మీదా, పట్టీ కింద, చేసినామె వేలు ఉబ్బెత్తుగా ఉండేది. కత్తిపీట మీద వంజరం చేప కోస్తూ తెగిన నా మచ్చతో సహా.

ఆరుగురం మొదటిసారి చేసిన ఆరు అచ్చులనూ కరిగించలేదు. పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తారని అద్దాల బీరువాలో పెట్టారు. వచ్చారు కూడా. దండలు వేసుకున్నారు. ఫొటోల్లో మా చేతులు కనిపించాయి గానీ మొహాలు లేవు.

సూరప్పడు ఆ కాలు వేసుకుని ఆటోనగర్ రోడ్డు మీద నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాడు. ఐదోసారి పరిగెత్తాడు. టీ కొట్టువాడు గ్లాసు పట్టుకుని నోరు తెరిచి చూశాడు. అది అబద్ధమని నేను చెప్పను. ఆ రోజు నేను ఏడ్చాను.

ఐదో నెలలో రేషన్ బండి దగ్గర నా వేలు పడలేదు. డీలరు గుడ్డతో తుడిచాడు, ఇంకో వేలు పెట్టమన్నాడు. ఏదీ పడలేదు. నా వెనకాల దేముడమ్మ నిలబడి ఉంది. మా ఆరుగురిలో నాకు బాగా దగ్గర ఆమే. ఆమె వేళ్ళూ పడలేదు. "ఒలే రత్నం, ఇంక మనం దొంగతనానికెల్లినా పోలీసోలికి దొరకమే" అంది. బండి దగ్గర అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డీలరు తన పుస్తకంలో ఇద్దరి పేర్ల ఎదురుగా వేలిముద్ర పడలేదు అని రాసుకుని, కంటి మిషను తెప్పించాడు. అది అక్టోబరు.

మర్నాడు శ్రీకంఠానికి చెప్పాను. ఆయన నా వేలిని భూతద్దాల మిషను కింద పెట్టి చాలాసేపు చూశాడు. మెత్తరాయి గీతలను నకలు తీసుకోవడం లేదు, గీతలనే తీసుకుంటోంది. ప్రతి నొక్కుకూ చర్మం పై పొర ఒకటి దానిలోకి పోతోంది. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. తన పుస్తకంలో రాసుకున్నాడు. నాకు మాత్రం, కొన్నాళ్ళు కొబ్బరినూనె రాసుకుని చూడు రత్నమ్మా అన్నాడు. మేనేజరు పురుషోత్తానికి చెప్పాడట. చేతులు అరిగితే మనుషులను మారుద్దాం, ఆటోనగర్‌లో చేతులకు కరువా అన్నాడట ఆయన. ఇదంతా తర్వాత తెలిసింది.

గీతల తర్వాత వేడి పోయింది. గంజి వారుస్తుంటే వేళ్ళ మీద ఒలికింది. ఎర్రగా కనిపించాకే కాలిందని తెలిసింది. ఆ తర్వాత మెత్తన, గరుకు పోయాయి. బియ్యంలో రాళ్ళు ఏరడం కళ్ళతోనే. బ్యాంకులో నా వేలు పనికిరాదన్నారు కనుక సూరప్పడి కూతురు దగ్గర పలక పట్టుకుని నా పేరు రాయడం నేర్చుకున్నాను. ఎంత గట్టిగా నొక్కుతున్నానో తెలియక రోజుకు రెండు బలపాలు విరిచేదాన్ని. అత్తా నీది చెయ్యా రోకలా అనేది ఆ పిల్ల.

మార్చిలో ఒక మధ్యాహ్నం పొయ్యిగది తలుపు తీశారు. అచ్చులు పెట్టిన పళ్ళేన్ని లాగే కొక్కెం ఎవరో ఎక్కడో పెట్టారు. దేముడమ్మ నాతో మాట్లాడుతూనే, అన్నం గిన్నె దించినంత తేలికగా, ఆ పళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకుని బయటికి తీసింది. పట్టుకునే నిలబడింది. మనవరాలి చెవులు కుట్టించడం గురించి చెబుతోంది. కుట్టేవాడు ఒక చెవికి పైన, ఒక చెవికి కింద కుట్టాడని తిడుతోంది. ముందు నాకు వాసన తగిలింది. నేను ఆమె చేతుల వైపు చూశాను. నేను చూడటం చూసి ఆమె కూడా కిందికి చూసుకుంది. అరవలేదు. ఏం అరుస్తుంది, ఆమెకు నొప్పి లేదు.

ఆసుపత్రిలో కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు. మిగిలిన చెయ్యి నిలవాలంటే తొడ చర్మం తీసి వెయ్యాలని, ఆలస్యమైతే మణికట్టు దాకా పోతుందని చెప్పారు. మూడో రోజు కంపెనీ మనిషి వచ్చి, ఇక తమకు సంబంధం లేదన్నాడు. ఆరుగురూ ఈ పనిలో ఉన్న ప్రమాదం సంగతి చదివించుకుని, విని, ఒప్పుకుని, కుడిచేతి బొటనవేలు వేసిన కాగితం ఉందన్నాడు. తేదీ ఫిబ్రవరి పదకొండు.

మేం అలాంటి కాగితం కంటితో చూడలేదు. వెళ్ళి కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇస్తానన్నాను. ఆ సాయంత్రం సూరప్పడు మా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. కాలు చాపి, కొత్త కాలి మీద చెయ్యి వేసుకున్నాడు.

"అప్పా, నువ్వు కంప్లైంటెట్టీసినావంటే షెడ్డుకి తాళమేసెత్తారు. యార్డులో నలబైమంది పేర్లు రాయించుకుని కూకున్నారు. ఆల్లేటైపోవాల?"

"ఆల్లకి కాల్లు రావాలంటే దేముడమ్మకి సెయ్యి పోవాలేటిరా?"

"నాకు అలగే వొచ్చింది గదా" అన్నాడు తల దించుకుని. "నీ సేతులు పోయి నా కాలొచ్చింది. నానేటనగలను."

వాడిని లేచి వెళ్ళిపొమ్మన్నాను. పుట్టాక వాడిని నేను గడప దాటి పొమ్మన్నది అదొక్కసారే.

విచారణ రోజు ఆరుగురిలో ఐదుగురం వెళ్ళాం. ఆఫీసరమ్మ నడివయసు మనిషి. బల్ల మీద దస్త్రాలు, సిరా దిండు, రబ్బరు స్టాంపులు. ఒక పక్క పురుషోత్తం, ఆయన పక్కన నేల చూస్తూ శ్రీకంఠం. సూరప్పడు నాకు చెప్పకుండానే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ముందు రేషన్ పుస్తకం సంగతి చెప్పాను. అక్టోబరులోనే పడని వేలు ఫిబ్రవరిలో ఎలా పడుతుందని అడిగాను. పురుషోత్తం నవ్వాడు. ఆ మిషన్లు సగంమందికి పనిచేయవని, ఇక్కడ ముద్ర ఎంత స్పష్టంగా ఉందో చూడమని కాగితం ముందుకు తోశాడు. ఆఫీసరమ్మ దాన్ని నా వైపు తిప్పి, ఇది మీదేనా అని అడిగింది.

నాదే. ప్రతి గీతా నాదే. వంజరం కోసిన మచ్చ కూడా ఉంది. ఎన్నాళ్ళకో చూసిన చుట్టంలా కనిపించింది నా వేలు. నాదేనండి అనేశాను. పురుషోత్తం కుర్చీలో వెనక్కి వాలాడు.

నాకు చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. నా మచ్చ చూపుడువేలి వైపుకి ఉండేది. వేలిని నా మొహం వైపు తిప్పుకుని చూస్తే ఎడమ పక్కన కనిపించేది. కాగితం మీదా ఎడమ పక్కనే ఉంది. నేను రోజూ చూసుకున్నట్టే ఉంది. అప్పుడు మా ఆయన మొదటిరోజు తిట్టిన తిట్టు గుర్తొచ్చింది. అచ్చులో అన్నీ తిరగబడి ఉంటాయే మొద్దూ, మరిచిపోయావంటే మనిషికి రెండు ఎడమ కాళ్ళు చేస్తావు.

"అమ్మా, మీ స్టాంపు ఒకపాలి తిరగేసి సూడండి" అన్నాను.

ఆవిడ చూసింది. రబ్బరు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి.

"ఏలు కూడా స్టాంపేనమ్మా. నాను ఒత్తితే నా మచ్చ కాయితం మీద కుడి పక్కకి రావాల. ఇది నా ఏలు ఒత్తిన ముద్ర కాదు. నా ఏలు దిగిన గుంటలోంచి తీసిన ముద్ర. అద్దాల బీరువాలో నా మొదటి అచ్చుంది. అందులో సిరా పూసి, కాయితం పరిచి, పైనించి నొక్కినారు."

అచ్చు పని తెలిసినవాడెవడూ ఆ తప్పు చేయడు. ముందు ఆ గుంటలో మైనం పోసి, వేలిని బయటికి తీసి, ఆ మైనపు వేలితో ముద్ర వేసేవాడు. పది నెలల పాటు మా చేతులతో పని చేయించుకున్నారు గానీ, మా పని ఏమిటో ఒక్కరోజు కూడా నిలబడి చూడలేదు.

పురుషోత్తం ముందుకు వంగాడు. "ఎడమచేతి వేలు వేసిందేమోనండి. చదువురాని మనుషులు, ఏ చెయ్యి అంటే ఏం తెలుస్తుంది."

"నా ఎడం ఏలు కూడా అదే సేపకి, అదే కొలతకి తెగిందేటి బాబూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరమ్మ నవ్వలేదు. నా రెండు చేతులూ బల్ల మీద పెట్టించుకుని చూసింది. అద్దంలా ఉన్నాయి. "మచ్చ ఏ పక్కన ఉండేదో చూద్దామంటే ఇప్పుడు మీ వేలి మీద లేదు కదమ్మా. మీ మాట తప్ప నాకేం ఆధారం ఉంది?" అని అడిగింది. మెల్లగానే అడిగింది. నా వేలు ఎలా ఉండేదో చూపించడానికి నా ఒంటి మీద ఏమీ మిగల్లేదు.

గుమ్మం దగ్గర ప్యాంటు మడుస్తున్న చప్పుడైంది. సూరప్పడు గోడకు ఆనుకుని పట్టీ విప్పుతున్నాడు. కాలు ఊడదీసి, దాన్ని చంకన పెట్టుకుని, ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి, దస్త్రాల మధ్య బల్ల మీద పెట్టాడు.

"మా అప్ప ఏలు ఇక్కడుందండి" అన్నాడు.

పట్టీ కింద, చెమటకు పాలిపోకుండా, నల్లటి నిగనిగలో నా బొటనవేలు ఉబ్బెత్తుగా ఉంది. ఆఫీసరమ్మ సిరా దిండు తీసి దాని మీద అద్ది, తెల్లకాగితం పెట్టి ఒత్తింది. మచ్చ కుడి పక్కన పడింది. కంపెనీ కాగితాన్ని వెనక్కి తిప్పి, రెండూ కలిపి కిటికీ వెలుతురుకు పట్టుకుంది. గీత మీద గీత కూర్చుంది. ఆ తర్వాత మిగిలిన ఐదు ముద్రలనూ ఒక్కొక్కటే చూసింది.

ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగింది.

అప్పుడు శ్రీకంఠం తల ఎత్తాడు. "పురుషోత్తం గారి దగ్గర" అన్నాడు. సంచిలోంచి తన పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. అక్టోబరు పేజీ తెరిచి పెట్టాడు. ఐదు నెలలు ఆలస్యంగా పెట్టాడు. రెండు వేళ్ళు ఆలస్యంగా పెట్టాడు.

దేముడమ్మ వైద్యం మొత్తం కంపెనీయే చేయించాలని, వట్టి చేతులతో నొక్కే పని ఆ రోజునుంచే ఆపాలని ఆఫీసరమ్మ అక్కడే ఉత్తర్వు రాయించింది. రాస్తూ రాస్తూ ఆగి, సూరప్పడి వైపు చూసింది. ఈ కాలు ఇక్కడే ఉండాలి అంది. కేసు తేలేదాకా ఇది సాక్ష్యమని, ఇంకొకటి చేయించుకోవచ్చు కదా అని అంది. ఎవరు చేస్తారని నేను అడగలేదు. అడగాల్సింది. సూరప్పడు తల ఊపాడు. గుమాస్తా కాలికి ఒక చీటీ కట్టి, నంబరు వేసి, ఇనుప బీరువాలో నిలబెట్టాడు.

నా వాంగ్మూలం కింద వేలు వేయమని గుమాస్తా సిరా దిండు అలవాటుగా నా వైపు జరిపాడు. దాన్ని వెనక్కి జరిపాను. కలం అడిగాను. నూకరత్నం అని రాశాను. ఎంత నొక్కుతున్నానో తెలియలేదు. చివరి సున్నా దగ్గర కాగితం చిరిగి, కలం బల్లలోకి దిగింది. గుమాస్తా ఇంకో కాగితం తీయబోయాడు. అదే ఉండనీమన్నాను.

బయట మెట్ల దగ్గర శ్రీకంఠం నా దారికి అడ్డం వచ్చాడు. ఆయన కళ్ళు మళ్ళీ తడిగా ఉన్నాయి. "రత్నమ్మా, మీకు జరిగింది తప్పే. కానీ ఆ నలభైమంది మొహం నేనెలా చూడాలి?" అన్నాడు.

"నీ సేతులున్నాయి గదా బాబూ. ముద్దలో ఎట్టు."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ చూసుకోనట్టు చూసుకున్నాడు. మేం దాటి వెళ్ళిపోయాం.

ఆటో స్టాండు దాకా సూరప్పడు నా భుజం మీద బరువంతా వేసి గెంతుకుంటూ వచ్చాడు. పడిపోకుండా వాడి చెయ్యి పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో, వాడు చెప్పేదాకా తెలియలేదు.

"అప్పా, ఎముకలిరిగిపోతన్నాయే. వొదులు."

నేను వదల్లేదు.